రంగం వెళ్ళినవాళ్ళు, చెరువు గట్టుకు వచ్చినవాళ్ళు

పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో, మా వీధి చివరి ఇంటాయన కొబ్బరి దింపు కార్మికుడు. పదకొండేళ్ళ కిందట, వాన వెలిసిన మర్నాడు, తడిసిన చెట్టు మీద నుంచి జారి పడ్డాడు. వెన్ను విరిగింది, నడుము కింద నుంచి స్పర్శ పోయింది. కోనసీమలోనూ ఇటు నరసాపురం వైపునా దింపు పని చేసే కుటుంబాలకు ఈ భయం కొత్తది కాదు. చెట్టెక్కిన మనిషి కిందికి దిగేదాకా ఇంట్లో ఆడవాళ్ళ మనసు కుదుటపడదు. ఆయనను చేర్చిన ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చూసే నర్సు మలయాళీ. తెలుగు వచ్చు గానీ ప్రతి మాటా కాస్త సాగదీసి పలికేది. ఆ రాత్రి సాయంగా ఉండడానికి వెళ్ళిన నేను గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉండగా, ఆమె ఆయన భార్యను మంచం దగ్గరకు పిలిచింది.

"అక్కా, ఇలా చూడండి" అంటూ ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, దుంగను దొర్లించినట్టు ఒక్క కదలికలో ఒంటిని పక్కకు తిప్పింది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దుప్పటి మడత వేసింది. నడుము కింద చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి, ఆ ఎరుపు తెల్లబడి మళ్ళీ రంగు తిరుగుతోందో లేదో చూడమంది. నొక్కినా ఎరుపు అలాగే ఉండిపోతే పుండు మొదలైనట్టేనని చెప్పింది. "రెండు గంటలకోసారి తిప్పాలి. రాత్రి కూడా." ఇంటికి తెచ్చిన తరువాత ఆయన కొడుకు ఫోనులో అలారాలు పెట్టాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో అర్ధరాత్రి, రెండింటికి, నాలుగింటికి ఆ గంట మోగడం మా ఇంటికి వినపడేది. ఆయనకు ఇంతవరకు పుండు పడలేదు. ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని బడ్డీ కొట్టు నడుపుకుంటున్నాడు.

ఈ రెండు గంటల నియమం వెనుక ఒక శరణార్థి ఉన్నాడని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. లుడ్విగ్ గుట్‌మన్ జర్మనీలో పేరున్న నరాల వైద్యుడు. యూదుడైనందుకు నాజీ ప్రభుత్వం ఆయనకు ఉద్యోగం లేకుండా చేసింది. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండుకు చేరుకున్నాడు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్ను గాయాల విభాగాన్ని ఆయనకు అప్పగించేనాటికి, వెన్ను విరిగిన సైనికులను వైద్యులు దాదాపు వదిలేసేవారు. ఎక్కువమంది మంచాన పడి, పుండ్లు చీము పట్టో, మూత్రకోశం చెడో పోయేవారు. గుట్‌మన్ వారిని పగలూ రాత్రీ రెండు గంటలకోసారి తిప్పాలని పట్టుబట్టాడు, లేపి కూర్చోబెట్టాడు, చేతికి పని ఇచ్చాడు, ఆటలాడించాడు. 1948లో ఆ ఆసుపత్రి ఆవరణలో ఆయన పెట్టించిన విలువిద్య పోటీయే పెరిగి పారాలింపిక్స్ అయింది. ఒక దేశం వెళ్ళగొట్టిన మనిషి ఇంకో దేశంలో నిలబెట్టిన పద్ధతిని, కేరళ నుంచి బతుకుతెరువుకు వచ్చిన ఒక అమ్మాయి, గోదావరి జిల్లాలో ఒక దింపు కార్మికుడి భార్యకు చేతులతో నేర్పింది. ఆయన ప్రాణం నిలవడానికి వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా కుదిరేది కాదు.

వలసదారులు, శరణార్థులు అనే మాటలు ఈ మధ్య ఎక్కడ విన్నా భారం, బెడద అనే మాటలు జతచేరే వినిపిస్తున్నాయి. అమెరికాలో మనవాళ్ళ వీసాల గురించి అక్కడివాళ్ళు అలా అంటే మనకు కోపం వస్తుంది. అదే మాట మన ఊరి రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే ఒడిశా, బెంగాల్ కుటుంబాల గురించి మన అరుగుల మీద వినిపిస్తే ఎవరికీ తప్పనిపించదు. ఏ సమాజపు ఆరోగ్యమైనా అక్కడ పుట్టినవాళ్ళ చేతుల మీద మాత్రమే ఎన్నడూ నిలబడలేదని నా నమ్మకం. ఈ సంగతి డెల్టావాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియనవసరం లేదు, ఎందుకంటే మనం రెండు వైపులా ఉన్నాం.

రంగం అంటే ఇప్పటి పిల్లలకు నాటక రంగమో రాజకీయ రంగమో గుర్తుకొస్తుంది. మా అమ్మమ్మ తరానికి రంగం అంటే రంగూన్. కాకినాడ రేవులో స్టీమరెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, అక్కడివాళ్ళు తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు. గోదావరి ముఖాన తుపానులకు దెబ్బతిన్న మన కోరంగి రేవు పేరు సముద్రం అవతల ఒక జాతి పేరైపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా మనుషులు భారతీయులే. వారిలో చెట్టియార్లు, గుజరాతీ వర్తకులు, బెంగాలీ గుమస్తాలు ఉన్నారు. తెలుగువాళ్ళకు దక్కినవి ఎక్కువగా రేవులో మూటలు మోసే పని, రిక్షాలు లాగే పని, ధాన్యం మిల్లుల్లో పని, నగరపు మలమూత్రాలు ఎత్తే పని. ఈ చివరి పని చేసినవారు మన దళిత కుటుంబాలవారే అన్న సంగతిని మన పెద్దల కథల్లో ఎవరూ పైకి చెప్పేవారు కాదు. రంగం వెళ్ళి బంగారం తెచ్చినవాళ్ళ కథలే మిగిలాయి.

మా అమ్మమ్మగారి పెద్దన్నయ్య రేవు కూలీ. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. ఆ వారంలో వేలాది జనం నగరం వదిలి పరుగు తీశారు. పాయిఖానాలు ఎత్తేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు, రేవులో సరుకు దించేవాళ్ళు ఒక్కసారిగా మాయమయ్యేసరికి నగరం కుళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఆసుపత్రుల్లో డాక్టర్లు ఉన్నా ఆయాలు, స్వీపర్లు లేరు. అప్పటిదాకా వాళ్ళ వంక చూడని అధికారులే వాళ్ళను వెనక్కి రమ్మని బతిమాలుకోవలసి వచ్చింది. బర్మా నుంచి సుమారు 5 లక్షల మంది భారతీయులు ఇటు వచ్చారని అంచనా. ఎక్కువమంది అరకాను కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచే వచ్చారు, వేలకు వేల మంది దారిలోనే కలరాతో, మలేరియాతో, ఆకలితో రాలిపోయారు. మా పెద్ద తాతయ్య నడిచి వచ్చినవాళ్ళలో ఒకడు. ఆయన తన నడక గురించి పెద్దగా చెప్పేవాడు కాదట. వదిలి వచ్చేముందు నగరం కొట్టిన కంపు గురించి మాత్రం చనిపోయేదాకా చెప్పేవాడని అమ్మమ్మ అనేది.

ఆరోగ్యం అంటే మనకు వెంటనే డాక్టరు, స్కానింగు, ఆపరేషను గుర్తుకొస్తాయి. పెద్ద తాతయ్య చూసిన రంగూన్ చెప్పేది వేరు. మురుగు ఎత్తే చెయ్యి, నీళ్ళు మోసే చెయ్యి, మంచం మీద దుప్పటి మార్చే చెయ్యి ఆగిపోతే, వారం తిరక్కుండా ఎంత గొప్ప ఆసుపత్రి అయినా వట్టి గోడలే. ప్రపంచంలో ఏ పెద్ద నగరంలో చూసినా ఆ చేతుల్లో ఎక్కువభాగం ఎక్కడి నుంచో వచ్చినవే.

ఆ రంగూన్‌లోనే 1930 మే నెలలో మనవాళ్ళను తరిమి తరిమి కొట్టారు. తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, ఓడల సరుకు దించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నాయి. పొట్ట కొట్టింది కంపెనీలైతే, బర్మావాళ్ళు కత్తి దూసింది పొరుగు కూలీ మీద. చరిత్రలో ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ ఇంకొకటి నాకు తెలియదు. తరువాత 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చి, 1964 ప్రాంతంలో దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు సుమారు 3 లక్షల మంది భారతీయులు మళ్ళీ తిరుగుముఖం పట్టారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ పేరు అలా వచ్చిందే. ముత్తాతల నాడు వదిలిన నేలకు వచ్చిన వాళ్ళను కూడా ఇక్కడివాళ్ళు కొన్నాళ్ళు బర్మావాళ్ళనే పిలిచారు.

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది గానీ, ఆయన వలసదారుడన్న కోణంలో ఎవరూ చెప్పరు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. 1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరాడు. హార్వర్డులో చదువుకు జీతం లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరు పని చేశాడు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగాడు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో, భారతీయులు తెల్లవారి లెక్కలోకి రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ దేశంలో, ఆ చట్టం కింద, ఈ భీమవరం మనిషి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని తోటి శాస్త్రవేత్త ఫిస్కెతో కలిసి కనిపెట్టాడు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీశాడు. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళాడు. అక్కడ ఆయన నడిపించిన బృందాల నుంచి ఫోలిక్ యాసిడ్ తయారీ, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు తొలిసారి కొంత ఊపిరినిచ్చిన అమినోప్టెరిన్, ఆ తోవలోనే ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లోనూ కీళ్ళవాతానికీ వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చాయి. అన్నదమ్ములను తిన్న స్ప్రూకు ఫోలిక్ యాసిడే మందని తేలింది. 1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వపు తలుపు కొంచెం తెరుచుకుంది. 1948 ఆగస్టులో కన్నుమూసేనాటికి ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

అదే ప్రయోగశాల నుంచి 1940లలో హెట్రజాన్ అనే మందు కూడా వచ్చింది. మన ఊళ్ళలో దాని పేరు డీఈసీ బిళ్ళ, బోదకాలు బిళ్ళ. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎలా ఉండేదో నా వయసువాళ్ళకు చెప్పనవసరం లేదు. ప్రతి వీధిలో ఒకరిద్దరు, ఏనుగు కాలంత లావైన కాలిని పంచె అంచుతో, చీర కుచ్చెళ్ళతో దాచుకునేవారు. వాపుతో పాటు వచ్చే చలిజ్వరానికి వణుకుతూ మూల మంచం మీద పడుకునేవారు. కాలు చూసి పెళ్ళి సంబంధాలు తప్పిపోయిన ఆడపిల్లలు ఉన్నారు. భీమవరం నుంచి బోస్టన్ వెళ్ళిన మనిషి శ్రమ అరవై ఏళ్ళకు ఆశా కార్యకర్త చేతి సంచిలో తెల్ల బిళ్ళలై భీమవరానికి తిరిగొచ్చింది.

సుబ్బారావు గారిని, గుట్‌మన్‌ను, పెన్సిలిన్ మీద పనిచేసి నోబెల్ అందుకున్న జర్మన్ శరణార్థి ఎర్నెస్ట్ చైన్‌ను, హంగరీ నుంచి 1985లో అమెరికా వెళ్ళి, చివరికి కోవిడ్ టీకాలకు దారి వేసిన కటలిన్ కరికోను వరసగా చెప్పి, చూశారా వలసల విలువ అని వాదించడం తేలిక. ఆ వాదనలో నాకొక ఇబ్బంది ఉంది. మేధావి అయితేనే ఉండనిద్దాం, పనికొస్తేనే అన్నం పెడదాం అనే లెక్కకు అది దారి తీస్తుంది. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రి పూట బెడ్‌పాన్ కడుగుతున్న ఆ బక్కపలచని మనిషిని చూసినవాళ్ళలో ఎంతమందికి ఆయనలో శాస్త్రవేత్త కనిపించి ఉంటాడు? శరణు కోరి వచ్చినవాడు ఏమవుతాడో గుమ్మం దగ్గర నిలబడినప్పుడు ఎవరికీ తెలియదు. ఏమీ కాకపోయినా, జీవితమంతా బెడ్‌పాన్లే కడిగినా, ఆ పని వల్ల ఆ రాత్రి ఆ వార్డులో రోగులు శుభ్రంగా పడుకున్నారు. నాకు అది చాలు.

ఇవాళ్టి సంగతికి వస్తే, బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ 1948 జులై 5న మొదలైన నాటి నుంచి కరేబియన్ దీవుల నర్సులు, మన ఉపఖండపు డాక్టర్లు లేకుండా నడవలేదు. ఇప్పుడు ఇంగ్లండులో దాని సిబ్బందిలో సుమారు ఐదుగురిలో ఒకరు విదేశీయులు. 2020 వసంతంలో కోవిడ్‌తో అక్కడ మొట్టమొదట చనిపోయిన వైద్యుల్లో సూడాన్‌లో, పాకిస్తాన్‌లో, నైజీరియాలో పుట్టినవారు ఉన్నారు. అమెరికాలో నలుగురు డాక్టర్లలో ఒకరు వేరే దేశంలో వైద్యం చదివినవారే. అక్కడి వైద్యులు వెళ్ళడానికి ఇష్టపడని పల్లెలకు విదేశీ వైద్యులను పంపడానికి ప్రత్యేక వీసా మినహాయింపే ఉంది. 1971లో కోటిమంది శరణార్థులు బంగ్లాదేశ్ నుంచి మన దేశానికి వచ్చినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించి, 30 శాతం దాకా ఉన్న కలరా మరణాలను 4 శాతం లోపుకు దించాడు. ఇవాళ మన అంగన్‌వాడీలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం మీద ప్రపంచానికి నమ్మకం కుదిరింది ఆ బురద శిబిరంలోనే.

దీనికి ఎదురు వాదన లేదని నేను అనను. ధనిక దేశం మన డబ్బుతో చదివిన నర్సును ఎగరేసుకుపోతే ఇక్కడి పీహెచ్‌సీలో ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళు అక్కడి ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తూ, మందులు వేస్తూ ఉంటే, వీళ్ళ పిల్లలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. మా ఎదురింటి పిల్ల తన పెద్దమనిషి ఫంక్షన్ రోజున తల్లిని ఫోనులో చూసి ఏడ్చింది. ఆ ఏడుపు ఏ దేశపు ఆరోగ్య ఖాతాలోనూ జమ కాదు. పేద దేశాల సిబ్బందిని అడ్డూ అదుపూ లేకుండా లాక్కోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో నియమావళి చేసింది, దాన్ని పాటించమని గట్టిగా అడగవలసిందే. వెళ్ళే మనిషిని ఆపడం మాత్రం దానికి జవాబు కాదు.

కూలి సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఊడ్పులకు బెంగాల్ ముఠాలు దిగిన తరువాత మా ఊరి ఆడకూలీలకు పని రోజులు తగ్గాయి. వాళ్ళ కోపం అర్థం లేనిది కాదు. అయితే ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని, అందులో సగం కూలీకి చేరనివ్వని మేస్త్రీ బెంగాల్‌ నుంచి వచ్చినా ఒకటే, ఈ ఊరివాడైనా ఒకటే. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు స్థానికులతో సమానంగా కూలి, ఉండే చోటు, వైద్యం ఇవ్వాలని 1979లోనే చట్టం చేసుకున్నాం. ఆ కూలి నిజంగా సమానమైతే, చౌకగా దొరుకుతారని బయటి ముఠాను దించే అవసరం ఎవరికీ ఉండదు, మా ఊరి ఆడవాళ్ళ పనీ నిలుస్తుంది. రంగూన్ రేవులో జరిగింది తెలిసినవాళ్ళం, కోపాన్ని ఎటు తిప్పాలో మనకైనా తెలిసి ఉండాలి.

బోదకాలు బిళ్ళల దగ్గరకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఈ వ్యాసం రాయాలనిపించింది అక్కడే. 2004 నుంచి ఫైలేరియా, అంటే బోదకాలు జబ్బు, ఉన్న జిల్లాలన్నిటిలో, రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బు చేసినవాళ్ళకు తప్ప అందరికీ ఈ బిళ్ళలు మింగించాలని నిర్ణయించారు. జబ్బు లేనివాళ్ళకెందుకు అని చాలామంది అడుగుతారు. ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు పైకి ఏమీ కనిపించని మనిషి రక్తంలోనే, ముఖ్యంగా రాత్రి పూట తిరుగుతుంటాయి. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ ఆ మనిషిని కుట్టి పక్కవాడిని కుడుతుంది. ఊళ్ళో పదిమందిని వదిలేస్తే ఆ జబ్బు వాళ్ళ దగ్గర నుంచి మిగతావాళ్ళకు మళ్ళీ పాకవచ్చు. ఆ పదిమందికి ఓటు ఉందా, రేషన్ కార్డు ఉందా, ఏ భాష మాట్లాడతారు అని దోమ చూడదు.

కొన్నేళ్ళ కిందట మా ఆశా కార్యకర్త బిళ్ళలు పంచుతుంటే, మా చేను దాటి చెరువుల వైపు వెళ్తోందని నేనూ కూడా నడిచాను. రిజిస్టరులో ఇంటి నంబరు వారీగా పేర్లున్నాయి. చెరువు గట్టు మీద, ఏరేటర్ల మోటార్ల పక్కన, మేత బస్తాలకు వేసిన రేకుల షెడ్డుకు ఇంటి నంబరు లేదు. లోపల భార్యాభర్తలు, ఒక ముసలామె, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఒడిశావాళ్ళు. వచ్చి రెండేళ్ళయిందన్నారు, అంతకుముందు పంపిణీల్లో వాళ్ళకు ఎవరూ బిళ్ళలు ఇవ్వలేదు. ఆశా కార్యకర్త కాసేపు రిజిస్టరు అటూ ఇటూ తిరగేసి, చివరి ఖాళీ పేజీ తీసి, పైన "చెరువు గట్టు" అని రాసి గీత గీసింది. "పేరు చెప్పమ్మా" అంది. ఆ అమ్మాయి చెప్పిన పేరు అర్థం కాక రెండుసార్లు అడిగి, వినిపించినట్టు తెలుగులో రాసుకుంది. పెద్దవాళ్ళకు మూడేసి, పెద్ద పిల్లవాడికి రెండు లెక్కపెట్టి, ఏమైనా తిన్నారా అని అడిగి, ఎదురుగానే మింగించింది. చంకలో పిల్లకు ఏడాది కూడా నిండలేదని ఇవ్వలేదు. తన బిడ్డకు మాత్రం ఎందుకు ఇవ్వలేదని తల్లి చేతి సైగతో అడిగితే, ఈ పిల్ల ఇంకా చిన్నది, నడిచాక వచ్చి ఇస్తానని నవ్వుతూ నడక చూపించింది.

ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే ఆ అమ్మాయి చెరువుకు అవతలి గట్టు చూపించి మూడు వేళ్ళు ఎత్తింది. రాత్రి వాన పడి గట్టంతా బురదగా ఉంది. ఆశా కార్యకర్త రిజిస్టరు చంకలో పెట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని అటు నడిచింది.